రాహుకాలంలో మార్చిన పాస్‌వర్డ్

మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవై. ఐరాల రోడ్డులోని క్షీరకళ డెయిరీ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నా చేతులకి శానిటైజర్ పోశాడు, కాళ్లకి నీలం కవర్లు తొడిగించాడు, తలకి టోపీ పెట్టించాడు. లోపల పాలు అంత పవిత్రం మరి! ఆ పాలు తాగిన తొమ్మిదేళ్ల హాస్టల్ పిల్ల నిస్సీ ఆదివారం తెల్లవారుజామున తిరుపతి ఆసుపత్రిలో చనిపోయింది. అదే హాస్టల్ పిల్లలు ఇంకో పద్దెనిమిది మంది పడకల మీద ఉన్నారు. నేను అక్కణ్ణుంచే వస్తున్నాను. కంపెనీ శుక్రవారంనాటి ఏడో బ్యాచ్ ఒక్కదాన్నే వెనక్కి తెప్పించి, మిగతా పాలు ఎప్పటిలాగే పంపిస్తోంది. శానిటైజర్ వాసన నాకు ఆసుపత్రి వార్డు వాసన కంటే రోతగా తోచింది.

నా పేరు లోకేశ్వరి. పోలీసు రికార్డుల విభాగంలో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. అబద్ధపు కాగితాలకి నంబర్లు వేసి భద్రంగా దాచే ఉద్యోగం మీద అసహ్యం పుట్టి బయటికొచ్చి, తిరుపతిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఈ కేసు నాకు అప్పగించింది చిత్తూరు టైలర్ పీరా సాహెబ్. ఆయన కూతురు సమీరా ఈ డెయిరీలో కాంట్రాక్టు మీద డేటాబేస్ చూసుకునే పిల్ల. నాలుగున్నరకి ఆమెను అరెస్టు చేస్తామని ఇన్‌స్పెక్టర్ భానుచందర్ టీవీవాళ్లకి ముందే చెప్పేశాడు. అంటే నాకున్నది రెండు గంటల పది నిమిషాలు.

మీటింగు గదిలో సమీరా గోడవైపు కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన మహిళా కానిస్టేబుల్. బల్లకి ఆ చివర భానుచందర్. అతనికి కాస్త దూరంగా క్వాలిటీ ల్యాబ్ ఇన్‌చార్జి హేమశ్రీ చేతిరుమాలు నలుపుతోంది.

“రాండక్కా, రాండి,” అన్నాడు భానుచందర్. ఒకప్పుడు నా బల్ల ముందు నిలబడి ఫైళ్లు అడుక్కున్నవాడు. “కేసు ముగిసిపొయ్యింది గానీ, కాఫీ తాగిపోండి.”

అతని గ్లాసులోకి చూశాను. ఉత్త డికాషన్.

“డెయిరీలో కూర్చొని పాలు పోయించుకోలేదేందబ్బా?”

“షుగర్ ఉండాది నాకు.”

“షుగర్ ఉన్నోళ్లు చక్కెర మానేస్తారు. పాలు గాదు.”

అతని మొహం మాడింది. గ్లాసు పక్కకి జరిపి, వేళ్లు మడుస్తూ కేసు చెప్పాడు.

“శుక్రవారం పొద్దున ఐదూ నలభైకి ఏడో బ్యాచ్‌ని హేమశ్రీ మేడం పరీక్ష చేసినారు. పులిసిన పాలు. పులుపు తెలీకుండా సోడా కలిపిండారు. ఫెయిల్ అని కంప్యూటర్లో ఎక్కించినారు. పదకొండూ ఇరవైకి ఎవురో దాన్ని పాస్ అని మార్చినారు. పదకొండున్నరకి వ్యాన్ పొయ్యింది. మార్చింది మనిషి పేరుతో గాదు, సర్వీస్ అకౌంట్‌తో.”

సర్వీస్ అకౌంట్ మనుషులది కాదు. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను డేటాబేస్ సర్వర్‌లోకి వెళ్లడానికి పెట్టిన పేరు, దానికో పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఎవరు లోపలికి వెళ్లి ఏం చేసినా యంత్రం పేరే పడుతుంది. దొంగకి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు.

“మూడు నెలలకొకసారి ఆ పాస్‌వర్డ్ మారస్తారు,” అన్నాడు భానుచందర్. “శుక్రవారం పదీ పదహైదుకి మార్చినారు. కంప్యూటర్ల మేనేజర్ కుప్పుస్వామి సంతకంతో రిజిస్టర్లో ఉండాది. మార్చింది ఈ పాప. కొత్తది ఈ పాపకి తప్ప ఎవురికీ తెలీదు. గంట దాటంగానే ఫెయిల్ పాస్ అయిపొయ్యింది. ఇంకేం కావల్ల?”

“కారణం కావల్ల. పాలు పాసైతే ఈ పిల్లకి ఏమొస్తాది?”

“అది లోపలేసినాక తనే చెప్తాది.”

హేమశ్రీ కళ్లు ఒత్తుకుంది. “నేను ఫెయిల్ అనే రాసినాను మేడం. నా పేరుతోనే ఉండాది. నా ధర్మం నేను చేసినాను.” నిన్నటి పేపర్లో ఆమె ఫొటో వేసి, నిజాయితీకి నిలువుటద్దం అని రాశారు.

నేను సమీరా వైపు తిరిగాను. “పదీ పదహైదుకి మార్చినావా?”

“లేదక్కా. పదీ ఇరవై ఎనిమిదికి కూర్చున్నాను. కుప్పుస్వామి సార్ తర్వాత చేద్దామని ఆపేసినారు. పన్నెండు దాటినాకే మార్చినాను. ఇన్‌స్పెక్టర్ సార్‌కి మూడుసార్లు చెప్పినాను. రిజిస్టర్ చూపించి నోరు ముయ్యమన్నారు. శనివారం నుంచీ నన్ను గేటు లోపలికి రానీలేదు, ఈ పొద్దు పోలీసులే తీసుకొచ్చినారు. ఎప్పుడు మార్చిందీ సర్వర్లోనే ఉంటాదక్కా, చూస్తే చాలు.”

“సర్వర్ చూసినావా?” అని భానుచందర్‌ని అడిగాను.

“రిజిస్టర్ ఉండంగా సర్వర్ ఏమిటికి? సంతకం ఉండాది గదా.”

ఇరవై రెండేళ్లు ఇలాంటి సంతకాలే సర్ది పెట్టాను. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

“కోర్టులో లాయర్ మొదట అడిగేది అదే. అప్పుడు టీవీలో ఈ పిల్ల మొగం గాదు, నీ మొగం కనిపిస్తాది. పద, నువ్వే నా పక్కన నిలబడి చూడు.”

అతను గోడ గడియారం వైపు చూశాడు. “సూడండి మరి. నాలుగున్నర మాత్రం మారదు.”

హేమశ్రీ ల్యాబ్‌కి వెళ్లిపోయింది. మేం సమీరానీ కానిస్టేబుల్‌నీ వెంటబెట్టుకుని సర్వర్ గదికి వెళ్లాం. రెండూ యాభై ఐదు.

తలుపు తీయగానే పుల్లటి కంపు గుప్పుమని కొట్టింది. పాలు నిలవ ఉంచే గదులు కాక, కంపెనీ మొత్తానికి పగలంతా చల్లగా ఉండే గది ఇదొక్కటే కాబట్టి, అందరూ దీన్ని ఫ్రిజ్ చేసుకున్నారు. సర్వర్ బీరువా కింద ఆరు టిఫిన్ బాక్సులు, రెండు పెరుగు గిన్నెలు, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. ఒక గిన్నె ఎప్పుడో ఒలికి నేల మీద పసుప్పచ్చగా పెచ్చు కట్టింది. బీరువా నుదుటిన గంధం, కుంకుమ. దాని పైన గోడకి వినాయకుడి పటం, పక్కనే రోజుకో కాగితం చింపే క్యాలెండర్. ఈ గదికి తాళం ఉంది కానీ, అది వేసే అలవాటు ఎవరికీ ఉన్నట్టు లేదు.

కుప్పుస్వామి లేచి నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, విభూతి రేఖలు, చేతిలో శుక్రవారంనాటి రిజిస్టర్ సిద్ధంగా ఉంది. పదీ పదహైదు అన్న అంకె ముత్యంలా రాశాడు.

“ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?”

“అందరూ వస్తారమ్మా. అన్నం పెట్టుకోవాల గదా.”

నేను క్యాలెండర్ దగ్గరికి వెళ్లాను. చింపిన కాగితాలన్నీ కింద ఒక క్లిప్పుకి వరసగా గుచ్చి ఉన్నాయి. సోమవారం ఉంది, ఆదివారం ఉంది, శనివారం ఉంది. శుక్రవారం లేదు. చుట్టూ చూసి, వినాయకుడి పటం వెనక చెయ్యి పెట్టాను. మడిచిన కాగితాలు రెండు చేతికొచ్చాయి. ఒకటి శుక్రవారానిది, దాని వెనక నీలం సిరాతో పన్నెండు అక్షరాలు. రెండోది మూడు నెలల కిందటిది, దాని వెనక ఇంకో పన్నెండు అక్షరాలు.

సమీరా తొంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “పైది కొత్త పాస్‌వర్డ్ అక్కా. కిందిది పాతది.”

“మరిచిపోతానని పెట్టుకుంటానమ్మా,” అన్నాడు కుప్పుస్వామి. “దేవుడి వెనక ఉండేదాన్ని ఎవురు తాకుతారు?”

శుక్రవారం కాగితాన్ని తిరగేసి ముందువైపు చదివాను. తిథి, నక్షత్రం, కింద ఎర్రక్షరాల్లో రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు.

“కుప్పుస్వామి గారూ, పదీ ఇరవై ఎనిమిదికి ఈ పిల్లని ఏమిటికి ఆపినారు?”

“నేను యాడ ఆపినాను?”

“రెండు నిమిషాల్లో పని కాదు. రాహుకాలం తగులుతాది. అందుకే పన్నెండు దాకా కూర్చోబెట్టినారు. అవునా, కాదా? సర్వర్ తెరిస్తే నిమిషంతో సహా చెప్తాది.”

ఆయన రిజిస్టర్‌ని గుండెకి ఆనించుకుని కుర్చీలో కూలబడ్డాడు.

“ఆడిట్ వాళ్లు పదిన్నర లోపల అయిపోవల్ల అంటారమ్మా. పొద్దున్నే పూజ అయినాక టైము రాసి సంతకం పెట్టేస్తాను. ఎప్పుడూ అంతే. ఆ పొద్దు ఈ పాప రావడం లేటయింది.”

“మూడు రోజుల నుంచీ ఈ పిల్లని దొంగంటాండారు. మీ నోట్లో నాలుక లేదా?”

“నాలుగు నెలల్లో రిటైర్ అయితానమ్మా. తప్పుడు రిజిస్టర్ అని తెలిస్తే ఇంటికి పంపిస్తారు.”

ఈ పెద్దమనిషి రోజూ పిడికెడు విభూతి పూసుకుని వచ్చి, ఒక ఆడపిల్ల జైలుకి పోతుంటే పెరుగన్నం తిని కూర్చున్నాడు. నేల మీద పెచ్చు కట్టిన పెరుగే ఇంతకంటే నయం.

“సర్వర్ తెరవండి,” అన్నాను.

కుప్పుస్వామి తన పేరుతో తెరిచాడు. సమీరా చూపించిన చోట భానుచందర్ వంగి స్వయంగా చదివాడు. పాస్‌వర్డ్ చివరిసారి మార్చినది శుక్రవారం, పన్నెండూ ఏడు.

“అంటే పదకొండూ ఇరవైకి నడస్తా ఉండింది పాతది,” అన్నాను. “అది మూడు నెలలుగా వినాయకుడి వెనకే ఉండాది. అన్నం పెట్టుకోను వచ్చిన ఎవురికైనా తెలుసు.”

“ఎవురికైనా అంటే ఈ పాపకీ తెలుసు,” అన్నాడు అతను. మొండివాడే కానీ, ఆ మాట తప్పు కాదు.

“తెలుసు. అందుకే ఇంకా చూడాల. సమీరా, ఏం మిగిలింది?”

“రెండు పుస్తకాలు ఉంటాయక్కా. ఎవురు లోపలికి రాబోయినారో ఒకటి. వచ్చి ఏం మార్చినారో ఇంకొకటి. రెండోది చానా పెద్దది, తెరుచుకునేదానికి ముప్పావుగంట పడతాది.” రెండోదాన్ని తెరవడానికి పెట్టేసి మొదటిది చూడసాగింది. కాసేపటికి ఆమె వేలు తెర మీద ఆగిపోయింది. “ఇదేందక్కా?”

శుక్రవారం పన్నెండూ పదికి సర్వీస్ అకౌంట్ పేరుతో ఒక కంప్యూటర్ తలుపు తట్టింది. పాస్‌వర్డ్ తప్పు. పన్నెండూ ఇరవైకి మళ్లీ తట్టింది. మళ్లీ తప్పు. పది నిమిషాలకొకసారి, పగలూ రాత్రీ అదే వరస. కంప్యూటర్ పేరు క్యూసీ నాలుగు.

“ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నడిచేది ఈ గదిలోనే. ఈ పేరు వాడాల్సిన కంప్యూటర్ ఇంకేదీ లేదు,” అంది సమీరా. “దీంట్లో ఎవురో పాత పాస్‌వర్డ్ దాచి పెట్టుకోనుండారు. మనం మార్చినాక, పాపం దానికి తెలీక పాతదాంతోనే తట్టతా ఉండాది. క్యూసీ నాలుగు క్వాలిటీ ల్యాబ్‌వాళ్ల పాత ల్యాప్‌టాప్ అక్కా. పాడైపోయిందని రెండేండ్ల కింద పక్కన పడేసినారు.”

“ఎప్పటిదాకా తట్టింది?”

“సోమవారం పొద్దున ఎనిమిదీ నలభై దాకా తప్పు. ఎనిమిదీ యాభైకి లోపలికి పొయ్యింది.” ఆమె తెర మీంచి నా వైపు తిరిగింది. “కొత్త పాస్‌వర్డ్‌తో. సోమవారం నేను గేటు బయట నిలబడుండానక్కా. మా నాయన కూడా ఉండాడు.”

భానుచందర్ జేబులోని అరెస్టు కాగితాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. “యాడుండాది ఆ ల్యాప్‌టాప్?”

“వైఫైలో ఉండాది సార్. ఏ గదో తెలీదు.”

మూడూ ఇరవై ఐదు. గదిగదీ వెతికితే దొంగ దాన్ని పాల ట్యాంకులో పడేయడానికి రెండు నిమిషాలు చాలు. దొంగనే ఇక్కడికి రప్పించాలి.

“పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చండి,” అన్నాను. “రెండు చోట్లా, సర్వర్లోనూ సాఫ్ట్‌వేర్లోనూ. ల్యాబ్ పని మామూలుగా జరగాల. ఇబ్బంది పడేది క్యూసీ నాలుగు ఒక్కటే.”

కుప్పుస్వామి చటుక్కున కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. “ఈ పొద్దు మంగళవారమమ్మా. మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. ఆ పైన చేద్దాం.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “తాళం మార్చేదానికి రాహుకాలం అడ్డం. తాళంచెవి అందరికీ అందేట్టు పెట్టేదానికి ఏ కాలమూ అడ్డం రాలేదు. లేయండి అబ్బా, ఆ పిల్ల చేస్తాది.”

“ఆ పాప ముద్దాయి,” అంటూ భానుచందర్ అడ్డం వచ్చాడు. “సాక్ష్యం మీద చెయ్యి వేయనీను.”

“నీ ఫోన్లో వీడియో తియ్యి. ప్రతి అక్షరం కనపడేట్టు తియ్యి. నేను తప్పయితే నాలుగున్నరకి టీవీవాళ్ల ముందర నన్ను కూడా తీసుకపో.”

అతను పళ్లు కొరికాడు. కానీ ఫోన్ తీశాడు.

మూడూ ముప్పై ఎనిమిదికి సమీరా కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. కుప్పుస్వామి గోడవైపు తిరిగి లెంపలు వేసుకున్నాడు. పటం వెనక ఉన్న కాగితాలు రెండూ నా సంచీలో వేసుకుని, క్యాలెండర్ నుంచి మంగళవారం కాగితం చింపి, వెనక ఏమీ రాయకుండా మడిచి అక్కడ పెట్టాను. కుప్పుస్వామిని కానిస్టేబుల్‌తో పక్క గదిలోకి పంపి, దీపం ఆర్పి, మేం ముగ్గురం బీరువా వెనక్కి చేరాం. ముందు ఏసీ చలి, వెనక సర్వర్ల వేడిగాలి. ఆ గాలిలో పుల్లటి కంపు ఇంకా చిక్కగా ఉంది.

సమీరా చేతిలోని చిన్న తెర మీద వరస కనిపిస్తూనే ఉంది. మూడూ నలభైకి క్యూసీ నాలుగు, తప్పు. మూడూ యాభైకి తప్పు. మూడూ యాభై ఎనిమిదికి తప్పు, యాభై తొమ్మిదికి రెండుసార్లు తప్పు.

“ఇది మిషన్ గాదు,” అని గొణిగింది సమీరా. “ఎవురో చేత్తో కొడతాండారు.”

నాలుగూ నాలుగుకి తలుపు తెరుచుకుంది. గాజుల చప్పుడు. వచ్చినవాళ్లు దీపం వేయలేదు, టిఫిన్ బాక్సుల వైపు చూడలేదు. తిన్నగా పటం దగ్గరికి వెళ్లి, వెనక చెయ్యి పెట్టి, కాగితం తీసి, ఫోన్ వెలుగులో విప్పారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు.

నేను దీపం వేశాను. “ఏం వెతకతాండారు హేమశ్రీ మేడం?”

ఆమె ఖాళీ కాగితాన్ని గుప్పిట్లో దాచుకుంది. “నా టిఫిన్ బాక్సు మేడం...”

“వినాయకుడి వెనక పెడతారా?”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇందాకటి చేతిరుమాలు నడుం దగ్గర దోపుకుని, నన్ను సూటిగా చూసింది.

“నా పేరు మీద ఒక్క తప్పు చూపించండి. ప్రతి బ్యాచ్‌కీ ఉండేది ఉన్నట్టే రాసినాను. ఫెయిలైతే ఫెయిల్ అనే రాసినాను. పాలు వెనక్కి పంపద్దని పైవాళ్లు ఫోన్ చేస్తారు. ఈసారి ప్లాంట్ హెడ్ నువ్వే అంటారు. నేనేం చేసేది? ఆ పాస్ అనేదాంట్లో నా పేరు యాడా లేదు. సూసుకోండి!”

హంతకుల్ని చూశాను. చేసిన పనికి భయపడి పారిపోయినవాళ్లని చూశాను. ఇది వేరే రకం. ఒక చేత్తో నిజం రాసి పుణ్యం మూటగట్టుకుని, ఇంకో చేత్తో యంత్రం పేరు పెట్టి పిల్లల గొంతులో సోడా పాలు పోసింది. మధ్యలో నిస్సీ అనే పేరు ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు.

భానుచందర్ కానిస్టేబుల్‌ని పిలిచాడు. నా వైపు చూడకుండానే, “సమీరా, నువ్వు ఇంటికి పోవచ్చమ్మా,” అన్నాడు.

సమీరా కదల్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, రెండో పుస్తకం తెరుచుకుందని చెయ్యి ఊపింది.

“అక్కా, ఇట్ల సూడండి. శుక్రవారంది ఒక్కటే గాదు. మూడు నెలల్లో పదకొండు బ్యాచ్‌లు మార్చిండాది. ఆఖరిది...” ఆమె వరసని కిందికి జరిపింది. “ఆఖరిది ఇవాళే. పదకొండూ పద్దెనిమిది. మూడో బ్యాచ్. ఇందులోనూ సోడానే. ఫెయిల్‌ని పాస్ చేసిండాది.”

“ఇప్పుడు మార్చేదానికి వచ్చింది దీన్ని గాదా?” అన్నాడు భానుచందర్.

“ఇప్పుడు మార్చబోయింది సాయంత్రం బ్యాచ్ సార్, అది ఇంకా ఫెయిల్ అనే ఉండాది. పొద్దుటిది పదకొండున్నరకే వ్యాన్ ఎక్కి పొయ్యింది. నాలుగు హాస్టళ్లకి.”

హేమశ్రీ మొదటిసారి కళ్లు దించుకుంది.

గడియారంలో నాలుగూ పదమూడు. హాస్టళ్లలో పిల్లలకి పాలిచ్చేది నాలుగున్నరకి. సమీరా హాస్టళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ చదువుతుంటే, భానుచందర్ జేబులో చేతికందిన కాగితం తీసి వెనక్కి తిప్పి రాసుకున్నాడు. అది ఆమె అరెస్టు కాగితం. రాసేటప్పుడు అతనికి ఆ సంగతి తెలిసిందో లేదో.

మొదటి రెండు నంబర్లు అతను తీసుకున్నాడు, తక్కినవి నేను. అతని గొంతు గోడలు అదిరేలా వినిపించింది. “పారపొయ్యండి! గ్లాసుల్లో పోసినా సరే, పారపొయ్యండి!” మొదటిది ఆగింది. రెండోదీ ఆగింది. నేను చేసిన మూడో హాస్టల్లో పాలు ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి.

నాలుగోది చంద్రగిరి వైపు ఆడపిల్లల హాస్టల్. ఏడుసార్లు మోగాక ఒక ఆయమ్మ ఎత్తింది. వెనక పిల్లల కేకలు, గిన్నెల చప్పుడు.

“ఈ పొద్దు వచ్చిన పాలు పిల్లలకి ఇయ్యద్దమ్మా,” అన్నాను. “ఒక్క గ్లాసు కూడా ఇయ్యద్దు.”

“పాలా? ఇచ్చేసినాం మేడం,” అంది ఆమె. “పిల్లోళ్లకి రేపు పరీక్షలని నాలుగ్గంటలకే ఇచ్చేసినాం.”

“ఎంతమంది తాగినారు?”

“అరవై రెండు మందీ తాగినారు మేడం. పొద్దు పొద్దుకీ మిగలపెడతారు గానీ, ఈ పొద్దు ఒక్కరు కూడా మిగల్చలేదు.”